పక్షి పేరు మీద వాదన మొదలైతే: విడదీయడం, కలపడం, పేరు మార్చడం గురించి సమగ్ర మార్గదర్శి

నా పాత నోటుబుక్కులో ఒక ఎంట్రీ ఇలా ఉంటుంది: "లెసర్ శాండ్ ప్లవర్, సుమారు 40, ఆటు వేళ, బురద మేట." అంతే. రాసిన రోజు నాకు ఏ అనుమానమూ లేదు. శాండ్ ప్లవర్లంటే తీరం బురదలో తిరిగే చిన్న పిట్టలు. ముక్కు పొట్టిగా ఉంది, కాబట్టి గ్రేటర్ శాండ్ ప్లవర్ కాదు, లెసరే. పుస్తకం మూసేసి ఇంటికొచ్చేశాను. కొన్నేళ్లకు ఆ ఒక్క జాతిని రెండు చేశారు: సైబీరియన్ శాండ్ ప్లవర్, టిబెటన్ శాండ్ ప్లవర్. 2022లో వచ్చిన జన్యు అధ్యయనం ఇంకో విచిత్రం చెప్పింది. టిబెటన్ పక్షికి దగ్గరి చుట్టం, మనం ఇన్నాళ్లూ కవల అనుకున్న సైబీరియన్ కాదట, పెద్ద ముక్కున్న గ్రేటర్ శాండ్ ప్లవరట! మరి నేను చూసిన ఆ నలభై పక్షులు ఏవి?

ఈ మాట తోటి బర్డ్‌వాచర్ల దగ్గర ఎత్తితే పెద్ద రభస అయింది. ఒకాయన "అవి టిబెటన్‌వే" అన్నాడు. ఇంకొకామె "అసలీ విభజనే అనవసరం" అంది. మూడో మనిషి "పేర్లు మార్చి మార్చి చంపుతున్నారు" అని విసుక్కున్నాడు. గంటసేపు గొంతులు చించుకున్నాక తెలిసిందేమిటంటే, ముగ్గురూ మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. ఎవరూ ఎవరితోనూ విభేదించడం లేదు!

పక్షుల వర్గీకరణ మీద జరిగే గొడవల్లో చాలావరకు ఇదే తంతు. అందుకే ఈ మార్గదర్శి మొదటి మెట్టు మీద ఎక్కువసేపు నిలబడుతుంది. అది దాటితే మిగతావి సులువే.

1. గొడవ ఏ ప్రశ్న మీదో ముందు తేల్చండి

పక్షి పేరు చుట్టూ నాలుగు రకాల వాదనలు జరుగుతాయి. పైకి అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

మొదటిది గుర్తింపు. ఈ ఫొటోలో ఉన్నది ఫలానా పక్షేనా? దీనికి జవాబు ఈకల్లో, ముక్కులో, కూతలో ఉంటుంది. కమిటీలకు దీంతో పని లేదు.

రెండోది హోదా. ఇవి రెండు జాతులా, ఒకే జాతిలోని రెండు ఉపజాతులా? పక్షులు అవే, తేడాలూ అందరికీ కనిపిస్తున్నవే. ఆ తేడాలు 'జాతి' అనిపించుకునేంత పెద్దవా అన్నదే ప్రశ్న. రెడ్‌పోల్ పిట్టల కథ ఇలాంటిది. కామన్, హోరీ, లెసర్ అని మూడు జాతులుగా రాసుకున్నవాటిని 2024లో అక్కడి పక్షిశాస్త్రవేత్తల సంఘం అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ ఒకే జాతిగా కలిపేసింది. హోరీ తెల్లగా ఉండదని అక్కడ ఎవరూ అనలేదు. ఆ తెలుపుకు ఎంత విలువ ఇవ్వాలన్నదే తగువు.

మూడోది బంధుత్వం. ఈ జాతి ఏ ప్రజాతిలో (అంటే దగ్గరి జాతుల గుంపులో), ఏ కుటుంబంలో కూర్చోవాలి? షిక్రా డేగను మొన్నమొన్నటిదాకా అక్సిపిటర్ ప్రజాతిలో రాసేవాళ్లం. ఆ ప్రజాతిలోని డేగలన్నీ నిజానికి ఒకే కొమ్మ నుంచి రాలేదని జన్యువులు చూపించాక దాన్ని ముక్కలు చేశారు. షిక్రా టాకిస్పిజాలోకి వెళ్లింది. షిక్రా షిక్రానే. మీరు చూసిన పక్షుల లిస్టులో ఒక్క అంకె కూడా మారదు. అయినా దీని మీద కూడా "ఇంకో స్ప్లిట్ చేశారట" అని కంగారు పడినవాళ్లను చూశాను.

నాలుగోది పిలుపు. పక్షి, హోదా, బంధుత్వం మూడూ ఖాయం. వాడుకపేరు ఏమిటన్నదే గొడవ. మెక్‌కౌన్స్ లాంగ్‌స్పర్ అనే అమెరికా పిట్ట 2020లో థిక్-బిల్డ్ లాంగ్‌స్పర్ అయింది. శాస్త్రీయ నామంలో 'మెకౌనియై' మాత్రం చెక్కుచెదరలేదు.

వాదన మొదలవగానే "మనం మాట్లాడుతున్నది ఈ నాలుగింట్లో దేని గురించి?" అని అడగండి. నా అనుభవంలో సగం గొడవలు అక్కడే చల్లారతాయి. మిగతా సగం అసలైనవి. వాటికి పై మెట్లు కావాలి.

2. ఎదుటివారి దృష్టిలో 'జాతి' అంటే ఏమిటో అడగండి

హోదా గురించిన తగువుల మూలం ఇక్కడుంది. జాతికి ఒక్క నిర్వచనం లేదు. బాగా వాడుకలో ఉన్నవి రెండు, వాటి మధ్య దూరం చిన్నది కాదు.

జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో చెప్పిన జీవశాస్త్ర జాతి భావన ప్రకారం, తమలో తాము జతకడుతూ ఇతర గుంపులతో జతకట్టని పక్షుల సమూహమే జాతి. వినడానికి బాగుంటుంది. రెండు గుంపులు ఒకేచోట గూళ్లు కట్టుకుంటూ కూడా కలవకపోతే సందేహమే లేదు. చిక్కు ఎక్కడంటే, ఒకటి ఒక ద్వీపంలో, మరొకటి వెయ్యి కిలోమీటర్ల అవతలి ద్వీపంలో ఉంటే అవి కలుస్తాయో లేదో చూసేదెవరు? అప్పుడు ఊహే దిక్కు. "కలిస్తే జతకట్టేవేమో" అని ఒకరు, "కట్టేవి కావేమో" అని ఇంకొకరు. ఈ 'ఏమో'ల మీద తరాల తరబడి వాదించుకున్నారు.

పక్షిశాస్త్రవేత్త జోయెల్ క్రాక్రాఫ్ట్ 1983లో ముందుకు తెచ్చిన వంశవృక్ష జాతి భావన వేరే దారి పట్టింది. ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చి, మిగతావాటి నుంచి కచ్చితంగా వేరు చేయగలిగిన అతిచిన్న సమూహమే జాతి. జతకడతాయా లేదా అన్నది అక్కడ పెద్ద విషయం కాదు. ఈ కొలతతో చూస్తే ఉపజాతుల్లో చాలావరకు జాతులైపోతాయి. ఎంత తేడా వస్తుందో చూడండి: 2016లో వచ్చిన ఒక అధ్యయనం ఈ తరహా లెక్కతో ప్రపంచంలో పక్షి జాతులు 18,043 ఉండొచ్చని అంచనా వేసింది. 2025లో వచ్చిన ప్రపంచ ఉమ్మడి జాబితాలో ఉన్నవి 11,131. పక్షులు అవే, గీత గీసే చోటే మారింది.

ఈ రెంటి మధ్య ఊగిసలాట తగ్గించడానికి 2010లో పక్షిశాస్త్రవేత్త టోబియాస్, ఆయన సహచరులు మార్కుల పద్ధతి పెట్టారు. తేడా స్వల్పమైతే 1, మధ్యస్థమైతే 2, పెద్దదైతే 3, అసాధారణమైతే 4. ఈకల తేడాలు మూడు, కొలతలవి రెండు, కూతవి రెండు, ప్రవర్తనది ఒకటి మించి లెక్కలోకి తీసుకోకూడదు. మొత్తం 7 వస్తే జాతి. ఒక ద్వీపం పక్షి తల రంగు పూర్తిగా వేరే అనుకుందాం, 3. రొమ్ము మీద గీతలు లేవు, 2. పాటలో స్వరాల వేగం బాగా తేడా, 2. మొత్తం 7, పాసైంది! గీతలు కాస్త కనబడితే 6, ఫెయిల్. బడి పరీక్షలా ఉందని నవ్వొచ్చు. నాకు మాత్రం ఈ పద్ధతి మీద గౌరవముంది. మార్కులు ఎందుకు వేశారో కాగితం మీద ఉంటుంది కాబట్టి, "నువ్వు 3 వేసినచోట నేను 2 వేస్తాను" అని కచ్చితంగా పోట్లాడుకోవచ్చు. దీంట్లో డీఎన్ఏకు మార్కుల్లేవు. దీన్ని తప్పుపట్టేవాళ్లు ముందు ఎత్తిచూపేది అదే.

కాబట్టి "ఇది వేరే జాతి కాదు" అని ఎవరైనా గట్టిగా అంటే, "ఏ లెక్కన?" అని అడగండి. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడగండి. తనకొక లెక్క ఉందన్న సంగతే చాలామందికి అప్పటిదాకా తెలీదు.

3. ఆధారాలను విడివిడిగా తూచండి

ఈకలు ముందు కనబడతాయి, ముందు మోసం చేసేవీ అవే. బ్లూ గూస్ అని ఒకప్పుడు వేరే జాతిగా రాసుకున్న బాతు, తెల్లటి స్నో గూస్‌లోని ముదురు రంగు రూపమేనని తర్వాత తేలింది. తెల్ల తల్లికి నల్ల పిల్ల పుట్టొచ్చు.

దీనికి మించిన కథ సోమాలియాలో దొరికిన బౌబౌ పక్షిది. దొరికింది ఒక్కటే పక్షి. దాన్ని చంపకుండా రక్తం, ఈకల నమూనాలు తీసుకుని వదిలేసి, 1991లో లానియారియస్ లిబరేటస్ అని కొత్త జాతిగా ప్రకటించారు. లిబరేటస్ అంటే విడుదలైనది అని అర్థం. 2008లో జన్యువులు మళ్లీ పరీక్షిస్తే, అది అంతకుముందే తెలిసిన జాతిలోని అరుదైన రంగు తేడా అని తేలింది. ఒక్క పక్షి మీద జాతి నిలబెట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నేను ప్రతిసారీ ఇదే చెబుతాను. విడుదలైన పక్షి జాబితా నుంచి కూడా విడుదలైపోయింది మరి!

కూత సంగతి వేరు. పక్షులు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది చాలావరకు దానితోనే. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇంగ్లండ్ ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ చూడ్డానికి ఒకేలా ఉండే చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్‌లను పాటలు విని మూడుగా విడదీశాడు. చేతిలో రికార్డర్ లేదు, డీఎన్ఏ మాటే లేదు. అమెరికాలో ట్రెయిల్స్ ఫ్లైక్యాచర్ అనే ఒక్క జాతిని 1973లో విల్లో, ఆల్డర్ అని రెండు చేయడానికీ పాటే కారణం. ఒకటి "ఫిట్స్-బ్యూ" అంటుంది, ఇంకొకటి "ఫీ-బీ-ఓ" అంటుంది. నోరు విప్పకపోతే నిపుణులు కూడా చేతులెత్తేస్తారు. ఒక జాగ్రత్త: పాట నేర్చుకునే పక్షులుంటాయి, పుట్టుకతో వచ్చే పక్షులుంటాయి. నేర్చుకునేవాటిలో ఊరికో యాస ఉన్నట్టు పాట మారుతుంది. ఫ్లైక్యాచర్లలా పుట్టుకతో వచ్చేదైతే పాటలో తేడాకు బరువెక్కువ.

డీఎన్ఏ వచ్చింది కదా, ఇక గొడవలు తీరిపోతాయని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. తీరలేదు, కొత్తవి మొదలయ్యాయి. జన్యు అధ్యయనం చదివేటప్పుడు నేను చూసేవి ఇవి. పరీక్షించినది తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏనా, మొత్తం జన్యువులా? మైటోకాండ్రియా ఒక్కటే అయితే కాస్త ఆగుతాను, ఎందుకంటే పాతకాలపు సంకరం (రెండు జాతులు జతకట్టడం) వల్ల అది పక్క జాతి నుంచి వచ్చి చేరి ఉండొచ్చు. నమూనాలు ఎక్కడివి? రెండు చివర్ల నుంచి తెచ్చి మధ్యది వదిలేస్తే తేడా పెద్దగానే కనబడుతుంది. మధ్యలో మెల్లగా కలిసిపోతూ ఉండొచ్చు. ఎన్ని పక్షులు?

రెడ్‌పోల్ పిట్టలు మళ్లీ ఇక్కడికొస్తాయి. వాటి తెలుపు, గోధుమ రంగుల తేడా, ముక్కు ఆకారం తేడా ఒకే క్రోమోజోమ్ మీద తలకిందులైన ఒక పెద్ద ముక్కతో ముడిపడి ఉన్నాయని 2021లో తెలిసింది. మిగతా జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు జాతులుగా కనిపించినవి ఒకే ఇంట్లో వేరువేరు రంగుల చొక్కాలు వేసుకున్న అన్నదమ్ములన్నమాట.

యూరప్‌లోని నల్లటి క్యారియన్ కాకి, బూడిద-నలుపు హుడెడ్ కాకిల కథ దీనికి అచ్చంగా ఎదురు. జన్యువుల్లో తేడా చాలా తక్కువ, ఉన్నది కూడా ఎక్కువగా రంగుకు సంబంధించిన భాగంలోనే. రెండూ కలిసేచోట సంకర పిల్లలు పుడతాయి. అయినా ఆ సంకర పట్టీ సన్నగానే ఉంటుంది, రెండూ పూర్తిగా కలిసిపోవు. తమ రంగు పక్షినే ఎంచుకోవడం దీనికొక కారణమని వివరణ. ఇవి ఒకటా, రెండా? కలుస్తున్నాయి కాబట్టి ఒకటి అనొచ్చు, కలిసిపోవడం లేదు కాబట్టి రెండు అనొచ్చు. ఇంకో రెండు తరాలు వాదించుకున్నా ఇద్దరి దగ్గరా సరుకు ఉంటుంది. అందుకే సంకరం ఉందని చెప్పి ఊరుకోకండి. ఆ పట్టీ ఎంత వెడల్పు, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతోందా, అది చూడండి.

4. శాస్త్రీయ నామాన్ని చదవడం నేర్చుకోండి

చాలామంది ఇక్కడ కళ్లు తేలేస్తారు. నిజానికి ఆ లాటిన్ ముక్కలో పక్షి జాతకం అంతా ఉంటుంది. మన గోరింకనే తీసుకుందాం. అక్రిడోథెరిస్ ట్రిస్టిస్ (లిన్నేయస్, 1766). మొదటి మాట ప్రజాతి, దాని అర్థం మిడతలను వేటాడేది. రెండోది జాతి. బ్రాకెట్లలో ఉన్నది ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త, పెట్టిన ఏడాది. ట్రిస్టిస్ అంటే దిగులుగా ఉన్నది. పొద్దున లేచింది మొదలు అరిచి గోల చేసే గోరింకకు ఆ పేరు పెట్టినవాడు దాన్ని ప్రాణంతో చూసి ఉండడని నా అనుమానం.

ఆ బ్రాకెట్లు చూశారా? అవి అలంకారానికి కాదు. పేరు పెట్టినప్పటి ప్రజాతి వేరు, ఇప్పటి ప్రజాతి వేరు అని వాటి అర్థం. లిన్నేయస్ గోరింకను స్వర్గపక్షుల ప్రజాతిలో పెట్టాడు! అదే ఇల్లు మారకుండా ఉండి ఉంటే బ్రాకెట్లు ఉండవు. నెమలి పావో క్రిస్టాటస్ లిన్నేయస్, 1758. బ్రాకెట్లు లేవు, అంటే మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. మన పాలపిట్ట కొరాసియాస్ బెంగాలెన్సిస్ (లిన్నేయస్, 1758). ఆయన దాన్ని కాకుల ప్రజాతి కోర్వస్‌లో పెట్టాడు. బంధుత్వం మీద వాదనలు ఇవాళ కొత్తగా పుట్టినవి కావని ఈ రెండు చిన్న బ్రాకెట్లే చెబుతాయి.

ఇంకో చిన్న విషయం: ఇల్లు మారితే పేరు చివర కూడా మారొచ్చు. షిక్రా అక్సిపిటర్ బాడియస్‌గా ఉండేది, టాకిస్పిజాకు వెళ్లాక బాడియా అయింది. లాటిన్‌లో ప్రజాతి పేరు స్త్రీలింగమైతే విశేషణం కూడా స్త్రీలింగం కావాలి. అక్షరదోషం అనుకుని దిద్దిపెట్టే మంచివాళ్లు ఉంటారు. దిద్దకండి.

"పేరు తప్పు కదా, మార్చొచ్చు కదా" అనే ప్రశ్న తరచూ వస్తుంది. జంతువుల శాస్త్రీయ నామాలకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. ఇప్పుడు నడుస్తున్న నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని గుండెకాయ ఒక్కటే: ముందు పెట్టిన చెల్లుబాటయ్యే పేరుకే హక్కు. ఆ పేరు నిజం చెబుతోందా లేదా అన్నది దానికి పట్టదు. లాఫింగ్ కూకబరా ఆస్ట్రేలియా పక్షి, శాస్త్రీయ నామం మాత్రం డసెలో నోవేగినియే, అంటే న్యూగినీది. న్యూగినీలో అది ఉండనే ఉండదు. పెద్ద స్వర్గపక్షి పారడైసియా అపోడా, కాళ్లు లేనిది! వ్యాపారులు తెచ్చిన చర్మాలకు కాళ్లు కోసేసి ఉండేవి, ఆ ముచ్చట పేరులో మిగిలిపోయింది. ఇలాంటి పేర్లు చూసి కోపం తెచ్చుకునేవాళ్లు వాటిని ఇంటిపేర్లనుకుంటే మనశ్శాంతి. ఇంటిపేరులో ఊరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఆ ఊళ్లోనే ఉండాలని ఎవరూ అనరు.

5. ఏ జాబితా, ఏ ఏడాది? ముందు అది చెప్పండి

ఇది చిన్న మెట్టు. చాలాకాలం ప్రపంచానికి నాలుగు పెద్ద జాబితాలు ఉండేవి: క్లెమెంట్స్, ఐఓసీ, హోవర్డ్ అండ్ మూర్, బర్డ్‌లైఫ్. చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్ క్లెమెంట్స్‌ను అనుసరించేది, అంతరించే ప్రమాదం గురించి చెప్పే రెడ్ లిస్ట్ బర్డ్‌లైఫ్‌ను. ఒకే పక్షి ఒకచోట జాతి, ఇంకోచోట ఉపజాతి. ఇద్దరూ తమ జాబితాను చూపించి "ఇదిగో రాసుంది" అంటుంటే వాదన ఎప్పటికి తెగుతుంది? 2025 జూన్‌లో ఏవిలిస్ట్ అనే ఉమ్మడి జాబితా వచ్చింది. ఆ 11,131 దీనిలోని లెక్కే. ఇక అందరూ దీనివైపు జరుగుతున్నారు. మీ చేతిలోని గైడ్ పుస్తకం మాత్రం అచ్చయిన ఏడాదిలోనే ఆగిపోయి ఉంటుందని మరవకండి.

జాబితాలో ఉన్నదల్లా శాశ్వత సత్యమని నేననుకోను. అది ఒక తేదీన, అప్పటికి అందిన ఆధారాల మీద ఒక కమిటీ తీసుకున్న నిర్ణయం. బాల్టిమోర్, బుల్లక్స్ ఓరియోల్‌లను 1973లో కలిపేశారు, 1995లో మళ్లీ విడదీశారు. ఆ ఇరవై రెండేళ్లూ పిట్టలకు ఈ సంగతి తెలీదు.

అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ ఉత్తర అమెరికా కమిటీ, దక్షిణ అమెరికా వర్గీకరణ కమిటీ తమ ముందుకొచ్చిన ప్రతిపాదనలను, సభ్యుల వ్యాఖ్యలతో సహా అందరూ చదివేలా పెడతాయి. మార్పు నెగ్గాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. ఒక్క ప్రతిపాదన మొదటి నుంచి చివరిదాకా చదవండి, ముఖ్యంగా వద్దన్నవాళ్ల కారణాలు. వర్గీకరణ మీద నాకు తెలిసిందాంట్లో సగం ఆ 'వద్దు' ఓట్ల పక్కన రాసిన వ్యాఖ్యల్లోంచి వచ్చిందే.

6. పేరు మారినా పనికొచ్చేలా నోట్సు రాయండి

నా శాండ్ ప్లవర్ ఎంట్రీలో తప్పేమిటి? నేను చూసింది రాయలేదు, నేను అనుకున్న పేరు రాశాను. రేపు పేరు రెండైతే దాంట్లోంచి తీయడానికి ఏమీ లేదు. ఇప్పుడైతే అదే ఎంట్రీ ఇలా రాస్తాను:

"శాండ్ ప్లవర్లు 40. వాటిలో 6 ఎండకాలపు రంగులోకి మారుతున్నాయి. దగ్గరగా చూసినవి 3: నుదురు మొత్తం నలుపు, తెల్ల మచ్చ లేదు. రొమ్ము ఇటుక ఎరుపు, గొంతు తెలుపుకూ దానికీ మధ్య నల్లగీత కనబడలేదు. ముక్కు పొడవు, ముక్కు మొదలు నుంచి కన్ను వెనక అంచు దాకా ఉన్నంత. కూత: ఎగిరేటప్పుడు పొట్టిగా, గరుకుగా, ఫోన్‌లో రికార్డు ఉంది. మిగతావి బూడిద రంగు, చెప్పలేను."

నుదుటి మీద తెలుపు, గొంతు కింద సన్నటి నల్లగీత సైబీరియన్ పక్షి వైపు చూపిస్తాయి. నుదురు నల్లగా ఉంటే టిబెటన్ వైపు. చలికాలపు బూడిద రంగులో ఉన్నవాటిని విడదీయడం దాదాపు అసాధ్యం. ఆ చివరి మాట 'చెప్పలేను' రాయడానికి సిగ్గుపడకండి. నోటుబుక్కులో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న మాట అది.

ఈబర్డ్ లాంటి చోట నమోదు చేసేవాళ్లకు రెండు సూచనలు. ఉపజాతి గుంపు తెలిస్తే తప్పకుండా ఎంచుకోండి, రేపు విభజన జరిగితే మీ రికార్డు సరైన గూట్లో పడుతుంది. తెలియకపోతే స్లాష్ వాడండి, 'సైబీరియన్/టిబెటన్' అని. విభజన జరిగినప్పుడు పాత రికార్డులను ప్రాంతాన్ని బట్టి వాళ్లే మారుస్తారు. రెండూ ఉండే ప్రాంతమైతే అవి స్లాష్‌లోకి వెళ్తాయి. మీ లైఫ్ లిస్ట్‌లో (ఇప్పటిదాకా చూసిన జాతుల లెక్కలో) ఒకటి తగ్గిందని టెన్షన్ పడే ముందు అక్కడ వెతకండి.

కుర్చీలోంచి లేవకుండానే లిస్ట్ పెరగడాన్ని ఆర్మ్‌చెయిర్ టిక్ అంటారు. 2024లో ఈబర్డ్ బార్న్ ఔల్‌ను మూడుగా విడగొట్టినప్పుడు రెండు ఖండాలు తిరిగినవాళ్లకు ఒక గుడ్లగూబ ఉచితంగా వచ్చింది. రెడ్‌పోల్ చూసినవాళ్లకు అదే ఏడాది పోయాయి. వచ్చినప్పుడు శాస్త్రం గొప్పదని, పోయినప్పుడు కమిటీ చెడ్డదని అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఒక్కోసారి నేనూ.

7. వాడుకపేర్ల గొడవను వేరేగా చూడండి

ఇక్కడ డీఎన్ఏ పనికిరాదు. ఇది మనుషుల విషయం. మెక్‌కౌన్ అనే సైనికాధికారి 1851లో ఆ పక్షిని సేకరించాడు, తర్వాత బానిసత్వం పక్షాన పోరాడిన సైన్యంలో జనరల్ అయ్యాడు. ఆయన పేరు తీసేశాక ప్రశ్న పెద్దదైంది: అసలు పక్షులకు మనుషుల పేర్లు ఉండాలా? 2023 నవంబర్‌లో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ తన పరిధిలో మనుషుల పేర్లున్న ఇంగ్లిష్ వాడుకపేర్లన్నీ మారుస్తామని, అమెరికా, కెనడాల్లో ఉండే 70 నుంచి 80 జాతులతో మొదలుపెడతామని ప్రకటించింది. శాస్త్రీయ నామాలు దీని కిందికి రావు.

అనుకూలురు అనేది: పేరు పక్షి గురించి చెప్పాలి, చూసేవాడికి సాయపడాలి, ఎవరినీ దూరం పెట్టకూడదు. వ్యతిరేకులు అనేది: వందేళ్ల రాతలతో లంకె తెగుతుంది, చెడ్డవాళ్లతోపాటు మంచివాళ్ల పేర్లూ పోతాయి, మార్పుకు అంతెక్కడ? రెండు వైపులా బరువు ఉంది. నన్నడిగితే, ఒక్కొక్క మనిషి గుణగణాలు తూచే పని కమిటీలకు పెట్టకుండా అన్నీ ఒకేసారి మార్చడమే నయం. అయితే కొత్తపేరు గబగబా పెట్టకూడదు. 'థిక్-బిల్డ్' లాంటివి చప్పగా ఉంటాయి.

ఒకే పక్షికి మూడు పేర్లు ఏం చెబుతాయో చూడాలంటే కలివి కోడిని చూడండి. ఇంగ్లిష్‌లో జెర్డన్స్ కోర్సర్, ఇది మనిషి పేరు. శాస్త్రీయ నామంలో బైటార్‌క్వేటస్, మెడలో రెండు పట్టీలున్నది, ఇది ఈకల గురించి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి కలివి కోడి, ఇది ఇంటి చిరునామా. పక్షిని వెతకడానికి వెళ్లేవాడికి మూడింట్లో ఏది పనికొస్తుందో వేరే చెప్పాలా?

అలాగని తెలుగు పేర్లన్నీ ఇంత పదునైనవి కావు. కొంగ, గ్రద్ద, డేగ, ఇవి జాతుల పేర్లు కావు, గుంపుల పేర్లు. అందుకే విభజనలు వాటిని కదిలించవు. కొంగను రెండు చేసినా మూడు చేసినా చెరువు గట్టు మీద నిలబడ్డది కొంగే. ఆ సౌకర్యాన్ని చెడగొట్టి, ప్రతి కొత్త జాతికీ ఇంగ్లిష్ పేరును ముక్కకు ముక్క తెనిగించి 'సైబీరియా ఇసుక పిట్ట' అని పెడితే అది కాగితం మీదే ఉంటుంది, నోట్లోకి రాదు. జాతి కచ్చితంగా చెప్పాల్సినచోట శాస్త్రీయ నామం రాయండి, మాట్లాడేటప్పుడు జనం అనే మాటే అనండి.

8. వాదన నడిపే తీరు

కొత్తవాళ్ల ఫొటో కింద వర్గీకరణ చర్చ పెట్టకండి. "ఇదేం పక్షండీ?" అని అడిగినవాళ్లకు ముందు పేరు చెప్పండి. "పాత పుస్తకాల్లో ఫలానా అని ఉంటుంది" అన్న ఒక్క వాక్యం చాలు. ప్రజాతి మారిన చరిత్రంతా వాళ్లు అడిగినప్పుడు చెప్పొచ్చు.

తెలిసినవాళ్లతో అయితే నేను అడిగేది ఒకటుంది: "ఏం చూపిస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావు?" ఈ ప్రశ్నకు "రెండూ కలిసేచోట రికార్డింగులు తెస్తే" అని జవాబొస్తే కూర్చుని మాట్లాడొచ్చు. "ఏదీ చూపించలేవు" అంటే టీ తాగి లేవండి. ఎదుటివాళ్లు కూడా మిమ్మల్ని అదే అడుగుతారు, జవాబు ముందే ఆలోచించుకోండి.

ఓడిపోయిన ప్రతిపాదన చచ్చిపోయిందనుకోకండి. రెడ్‌పోల్‌లను కలపాలన్నది 2017లో ఓడిపోయింది, 2024లో గెలిచింది. మధ్యలో వచ్చింది కొత్త ఆధారం, గట్టి గొంతు కాదు.

ఆ నలభై శాండ్ ప్లవర్ల సంగతి చెప్పలేదు కదూ. పాత హార్డ్‌డిస్క్ అంతా వెతికితే ఆ రోజు తీసిన ఫొటోలు నాలుగు దొరికాయి. మూడు మసకగా ఉన్నాయి. నాలుగోదాంట్లో ఒక పక్షి తల తిప్పి నా వైపు చూస్తోంది, నుదురు నల్లగా, తెల్ల మచ్చ లేకుండా. ఇప్పుడు నా రికార్డులో ఒకటి టిబెటన్ శాండ్ ప్లవర్, మిగతా ముప్ఫై తొమ్మిది స్లాష్.